పోలీసులను పెంచమని అడిగే ముందు, వారు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో కనుక్కోండి

"మా మండల పోలీస్ స్టేషన్‌లో సిబ్బంది చాలడం లేదు, భవనం శిథిలావస్థలో ఉంది, గ్రామస్థులమంతా కలిసి అడిగితే ఫలితం ఉంటుందా, ఎవరిని అడగాలి?" అన్న మీ ప్రశ్నకు నా సమాధానం: ఫలితం ఉంటుంది, అయితే మీరు అడిగినది రాకుండా మీరు అడగని మరొకటి రావచ్చు. రెండున్నరేళ్లు అర్జీల సంచి భుజాన వేసుకుని తిరిగినవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

నాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒకటి. అక్కడి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా వైపు వారికి సుగ్గి అంటే వేరుగా చెప్పనక్కరలేదు. తెలియని వారి కోసం చెప్పాలంటే, దీపావళి దాటిన తర్వాత పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపో కర్ణాటక వైపో వెళ్లిపోయి మళ్లీ ఉగాది నాటికి తిరిగి రావడం. ఆ నాలుగు నెలలూ వీధికి వీధే తాళాలు వేసి ఉంటుంది. ఊళ్లో మిగిలేది ముసలివారూ, బడి కోసం వారి దగ్గర వదిలిన పిల్లలూ. పోలీసుల అవసరం జనాభాను బట్టి ఉంటుందని లెక్కలు కట్టేవారికి, జనం లేనప్పుడే మా ఊరికి పోలీసులు ఎక్కువగా కావాలన్న సంగతి ఎంత చెప్పినా ఎక్కదు.

2023 జనవరిలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా వీధి చివర ఉండే అవ్వ వచ్చి మా తలుపు కొట్టి, "అయ్యవారూ, మా ఇంట్లో ఎవురో పడినారు" అని వణుకుతూ నిలబడింది. కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు. ఆమె పక్కింటి మనవరాలికి తోడుగా పడుకోవడానికి వెళ్లిన సమయంలో ఇది జరిగింది. నేను స్టేషన్‌కు ఫోన్ చేస్తే చాలాసేపటికి ఒక కానిస్టేబుల్ ఎత్తాడు. "సార్, నేనొక్కణ్ణే ఉండా. సెంట్రీ ఇడ్సి వచ్చేకి లేదు. ఎస్సై సారూ, జీపూ, అందరూ మంత్రాలయం బందోబస్తుకు పోయినారు. తెల్లారేదాకా ఆ ఇంట్లోకి ఎవుర్నీ పోనియ్యద్దండి" అన్నాడు. ఎవరో పెద్దవారు మరునాడు స్వామి దర్శనానికి వస్తున్నారట.

టార్చిలైటు పట్టుకుని నేనూ అవ్వా ఆ ఇంటి అరుగు మీదే తెల్లవారేదాకా కూర్చున్నాం. తాళం తాళంలాగే ఉంది. గడ్డపారతో గొళ్లేన్నే పెకలించారు. మా వైపు ఆడవాళ్లు వెండిని జొన్నల సంచిలో దాస్తారని దొంగలకు కూడా తెలుసు కాబట్టి, రెండు సంచుల జొన్నలు నేల మీద గుమ్మరించి వెతికారు. కాళ్ల కడియాలూ, సుగ్గికి కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో మిగిల్చి పెట్టిన డబ్బూ పోయాయి. తెల్లవారేసరికి వీధిలోని కోళ్లన్నీ ఆ జొన్నల మీద వాలాయి. వాటిని తోలితే ఆనవాళ్లు చెరిగిపోతాయేమో, తోలకపోతే జొన్నలు పోతాయేమో అని నేను తటపటాయిస్తుండగా, అవ్వ నన్ను పక్కకు జరిపి చీపురు తీసుకుంది. ఎస్సై గారు పదకొండు గంటలకు వచ్చారు, వేలిముద్రల వారు సాయంత్రం వచ్చారు. అప్పటికి ఆ ఇల్లు పండగ ఇల్లులా ఊడ్చి ఉంది.

వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేను మొదటిసారి స్టేషన్‌ను తీరిగ్గా చూశాను. పాత కేసుల కట్టలు వాన నీటికి తడవకుండా యూరియా సంచుల్లో కట్టి బీరువాల మీద పేర్చారు. లాకప్ గదిలో సగం రికార్డులే ఉన్నాయి. ఆవరణలో పట్టుబడిన మోటార్ సైకిళ్ల మధ్య నుంచి మొలిచిన తుమ్మ చెట్టు ఒక బండి హ్యాండిల్‌ను తనతో పాటు పైకి లేపింది. ఉన్న ఒకే ఒక మహిళా కానిస్టేబుల్ మరుగుదొడ్డి కోసం రోడ్డు దాటి టైలర్ ఇంటికి వెళ్లి రావలసి వచ్చేది. వెనుక ఉన్న క్వార్టర్లలో ఎవరూ ఉండలేరు; పైకప్పు పెచ్చులు రాలి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయి. కాబట్టి సిబ్బందిలో చాలామంది ఆదోని నుంచి వచ్చి పోతున్నారు, సాయంత్రం చివరి బస్సు వెళ్లిన తర్వాత మండలం మొత్తానికి మిగిలేది సెంట్రీ, అతనితో పాటు మరొకరు.

ఇక్కడే నా అభిప్రాయం స్థిరపడింది. పోస్టులు ఎన్ని మంజూరయ్యాయన్నది అంత ముఖ్యం కాదు. రాత్రి పదకొండు తర్వాత మండలంలో ఎంతమంది పోలీసులు ఉంటున్నారన్నదే ముఖ్యం. 2020 జనవరి 1 నాటి కేంద్ర లెక్కల ప్రకారం దేశంలో లక్ష జనాభాకు మంజూరైన పోలీసులు సుమారు 195 మంది, వాస్తవంగా ఉన్నవారు సుమారు 155 మంది. చర్చల్లో ఈ అంకెలను అందరూ చదువుతారు. ఆ 155 మందిలో బందోబస్తుకు, ఖైదీల ఎస్కార్టుకు, కోర్టు పనికి, అధికారుల కార్యాలయాల్లో అటాచ్‌మెంటుకు పోయిన వారిని తీసివేసిన లెక్కను మాత్రం ఎవరూ చదవరు. దర్యాప్తు చేసే సిబ్బందిని శాంతిభద్రతల పని నుంచి వేరుచేయాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న చెప్పింది. మా స్టేషన్‌లో మాత్రం దొంగతనం కేసు చూసే చెయ్యీ, దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరానికి అడ్డం పడే చెయ్యీ ఒక్కటే.

ఇక ఎవరిని అడగాలన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. మేము మొదట ఎంపీ గారి దగ్గరకు వెళ్లి భంగపడ్డాం. పోలీసు శాఖ రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో ఉంది కాబట్టి ఆయన చేయగలిగినది ఒక సిఫారసు లేఖ ఇవ్వడమే, అదీ ఇచ్చారు. ఎస్పీ గారు ఉన్నవారిని అటు నుంచి ఇటు మార్చగలరు గానీ కొత్త పోస్టు సృష్టించలేరు. దానికి ఆర్థిక శాఖ ఒప్పుకుని ప్రభుత్వ ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు వచ్చినా మనిషి వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో చెబుతాను. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన 2022 నవంబరులో వచ్చింది, ప్రాథమిక పరీక్ష 2023 జనవరి 22న జరిగింది, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర గానీ మొదలు కాలేదు, తుది రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆ ఆగస్టులో. నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ రెండేళ్లూ మా బడి మైదానంలో తెల్లవారుజామున పరుగులు తీశాడు. ఈలోగా వాడికి పెళ్లయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ కూడా నడక నేర్చింది. ఆ 6,100లో సివిల్ పోస్టులు 3,580. రాష్ట్రంలోని 670కి పైగా మండలాలకు సమానంగా పంచినా తలా ఐదుగురు, నగరాల వాటా తీసేస్తే ఆ ఐదుగురూ ఉండరు.

అందుకే మా అర్జీని తిరగరాశాం. "సిబ్బందిని పెంచండి" అన్న వాక్యాన్ని చివరికి నెట్టి, క్వార్టర్ల మరమ్మతు, మహిళలకు మరుగుదొడ్డి, బోరు, రికార్డు గది అని వరుసగా రాశాం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మంజూరు ఎంత, హాజరు ఎంత, అటాచ్‌మెంట్లు ఎన్ని అని అడిగి, వచ్చిన కాగితాన్ని అర్జీకి జతచేశాం. జనవరి 26 గ్రామసభ మొదలుకొని ఒక్కొక్క పంచాయతీలో తీర్మానం చేయించాం. సర్పంచులు సంతకం పెట్టడానికి వెనుకాడలేదు గానీ ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "అయ్యవారూ, స్టేషన్ పెద్దదైతే మన పంచాయతీలు ఎవరు తీరుస్తారు?" అని అడిగాడు. నాకు నవ్వు వచ్చింది, కానీ మా ప్రాంతంలో స్టేషన్లు ఇలా ఉండిపోవడానికి ఈ మాటలోనే సగం కారణం ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎస్సైని బదిలీ చేయమని అడిగే నాయకులను డజన్ల కొద్దీ చూశాను, ఎస్సైకి ఇల్లు కట్టమని అడిగిన నాయకుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

సీసీ కెమెరాలు పెట్టించుకోమని మీకూ సలహా ఇస్తారు. దాతల సహకారంతో మేమూ పెట్టించాం. స్తంభం మీద దాత పేరు కెమెరా కన్నా పెద్దది. రికార్డయిన దాన్ని కూర్చుని చూసే మనిషి ఎక్కడని అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నారు కదా అని కూడా అంటారు. మా ఊరి అమ్మాయిని ఎప్పుడు చూసినా ఏదో ఒక సర్వే కోసం ఇంటింటికీ తిరుగుతూనే కనిపించేది.

అధికారులు అర్జీలు తీసుకునే సోమవారాల్లో ఎన్నిసార్లు వెళ్లామో లెక్క మరిచాను. ఒకసారి ఇంటికి చేరకముందే, ఆదోని బస్టాండులో టీ తాగుతుండగా, మా అర్జీ పరిష్కారమైనట్లు ఫోన్‌కు సందేశం వచ్చింది. రసీదు సంఖ్యలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి మరుసటి సోమవారం అదే సంఖ్య చూపించి మళ్లీ తెరిపించగలిగాను. మీరు కూడా ఆ పుస్తకం పెట్టుకోండి. మాట ఇచ్చిన అధికారి బదిలీ అయినప్పుడు, కొత్తవారి ముందు పెట్టడానికి అదొక్కటే ఉంటుంది.

చివరికి నాలుగు క్వార్టర్లు బాగుపడ్డాయి, బోరు పడింది, మరుగుదొడ్డి కట్టారు. ఆ తర్వాత ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు వచ్చారు. వారిలో ఒకరు కుటుంబంతో సహా క్వార్టర్లోనే ఉంటున్నారు. వారి పిల్లవాడు నా దగ్గరకు శతక పద్యాలు నేర్చుకోవడానికి వస్తాడు. కొత్త భవనం రాలేదు, మంజూరు సంఖ్య పెరగలేదు, తుమ్మ చెట్టు అలాగే ఉంది. అవ్వ కడియాలు దొరకలేదు.

మొన్నటి దసరా రాత్రి తాళం వేసిన ఒక ఇంటి దగ్గర అలికిడైందని పిల్లలు చెబితే స్టేషన్‌కు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. ఇద్దరు కానిస్టేబుళ్లు పావుగంటలో వచ్చారు, సొంత మోటార్ సైకిల్ మీద. జీపు దేవరగట్టులో ఉందట.