బంతులన్నీ దేవుడి మూలకే ఎందుకు పోతున్నాయి?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను, ఇంట్లో గోల్ఫ్ పటింగ్ సాధనకు ఎలాంటి మ్యాట్ కొనాలి అని అడిగారు. పటింగ్ అంటే గుంట దగ్గరికి చేరిన బంతిని నేల మీద దొర్లించి అందులో వేయడం, అలాంటి ఒక్కో దెబ్బ ఒక పట్. నేను ఇప్పటికి మూడు కొన్నాను. ఒకటి మా మేడ మీద ఎండకు చచ్చింది. ఒకటి మా బావమరిది వాళ్ళ గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాగా బతుకుతోంది. మూడోది ఇది రాస్తుండగా నా కాళ్ళ దగ్గర పరిచి ఉంది. కాబట్టి నా మాట నమ్మవచ్చు. నమ్మకపోయినా నష్టం లేదు, మూడు కొన్నాక మీరే నమ్ముతారు.

మ్యాట్ సంగతి తరవాత. ముందు మీ హాలు నేల ఏ వైపుకు వాలి ఉందో చెప్పండి. తెలియదు కదా? నాకూ తెలియదు. పదకొండేళ్ళుగా అదే ఇంట్లో ఉంటూ కూడా తెలియదు. ఎలా తెలిసిందో చెప్తాను.

నేను ఈ ఆట మొదలుపెట్టింది యాభై రెండో ఏట. ఆఫీసులో ఒక మిత్రుడు ఒక ఆదివారం తనతో తీసుకెళ్ళాడు, అంతే, ఇరుక్కుపోయాను. మా ఆవిడ దీన్ని ఇప్పటికీ గోలీలాట అంటుంది. అందులో తప్పు లేదు. చిన్నప్పుడు మట్టిలో మడమతో గుంట తవ్వి గోలీ వేసినవాడే ఇప్పుడు గడ్డిలో ఎవరో తవ్విన గుంటలో బంతి వేస్తున్నాడు. తేడా అల్లా ఖర్చులోనే.

అప్పట్లో ఆన్‌లైన్‌లో బాగా కనబడే రకం మ్యాట్ ఒకటి తెప్పించాను. తొమ్మిది అడుగుల పొడవు, చివర చెక్క పెట్టె, ఆ పెట్టెలోకి చిన్న ఎత్తు ఎక్కాలి, గుంటలో పడిన బంతి పక్కనున్న గాడిలో దొర్లుకుంటూ మళ్ళీ మన కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. వంగే పని లేదు. నడుము నొప్పి ఉన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? భోజనాలయ్యాక రోజూ వంద బంతులు. మొదట్లో నలభై పడేవి, రెండు నెలలకు ఎనభై పడటం మొదలైంది. ఒక నోటుపుస్తకంలో లెక్క కూడా రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఇంకా ఉంది, చూస్తే సిగ్గేస్తుంది.

జనవరిలో ఒక ఉదయం మిత్రుడి అతిథిగా గోల్కొండలో నయా ఖిల్లా దగ్గరున్న గోల్ఫ్ కోర్సుకు వెళ్ళాను. కోట గోడలు, మంచు, నెమళ్ళ అరుపులు, అంతా దివ్యంగా ఉంది. మొదటి గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద, నాకు ఎనిమిది అడుగుల పట్ వచ్చింది. మా హాల్లో వేల సార్లు కొట్టిన దూరం. కొట్టాను. బంతి గుంటకు ఎడమగా జానెడు దూరం నుంచి వెళ్ళి, ఇంకో ఏడడుగులు అవతల ఆగింది. కేడీ, అంటే కర్రల సంచి మోసే కుర్రవాడు, మర్యాదస్థుడు, నవ్వలేదు. "సార్, గ్రీన్ సమంగానే ఉంది. మీరే ఎడమకు చూసి కొడుతున్నారు, దెబ్బ కూడా గట్టిది" అన్నాడు. నేను వినలేదు. పద్దెనిమిది గ్రీన్లయ్యేసరికి నలభై ఒక్క పట్లు కొట్టాను. పార్ అంటే కోర్సు పూర్తి చేయడానికి మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బలు. డెబ్బై రెండు పార్ ఉన్న కోర్సులో గ్రీనుకు రెండు చొప్పున ముప్పై ఆరు పట్లకు చోటు వదిలే పార్ లెక్కగడతారు. అంటే ఆటలో సగం పటింగే. అది తెలిసి కూడా జనం యాభై వేలు పెట్టి దూరం కొట్టే కర్ర, డ్రైవర్, కొని, పట్లు కొట్టే కర్ర, పటర్, మాత్రం ఎవరో వాడి వదిలేసింది తెచ్చుకుంటారు. బంతి దూరం పోతే చూసేవాళ్ళు అబ్బా అంటారు, మూడడుగుల పట్ పడితే ఎవరూ చప్పట్లు కొట్టరు, అదీ కారణం.

సరే, నా చేతిలోనే లోపం ఉందనుకుని ఒక శిక్షకుడి దగ్గర నాలుగు పాఠాలకు డబ్బు కట్టాను. ఆయన చెప్పిందీ కేడీ ఉచితంగా చెప్పిందే: చెయ్యి బాగానే ఉంది, చూపు ఎడమకు పోతోంది. ఎందుకు పోతోందో ఆయనకూ అంతు పట్టలేదు.

అది తేల్చింది మా ఇంట్లో పని చేసే ఆవిడ. ఒక శనివారం నేల తుడుస్తూ పూజా మందిరం కింద నుంచి మూడు బంతులు తీసి నా చేతిలో పెట్టింది. "రోజూ ఇక్కడే దొరుకుతాయి సార్. బకెట్ ఒలికినా నీళ్ళు ఇటే వస్తాయి" అంది. నేను కాసేపు ఆ మూడు బంతుల్ని చూస్తూ నిలబడిపోయాను. మా పూజా మందిరం ఎక్కడుంటుంది? ఈశాన్యంలో. ఫ్లాటు అమ్మినప్పుడు బిల్డరు నూటికి నూరుపాళ్ళు వాస్తు అని చెప్పాడు. నేల వాలు ఈశాన్యానికి ఉండాలన్నది వాస్తు చెప్పేవాళ్ళందరి మాట. మా బిల్డరు మిగతా ఏ మాట నిలబెట్టుకోలేదు, కారు పెట్టుకునే చోటు దగ్గర నుంచి జనరేటరు దాకా ప్రతిదీ కొట్లాడి తెచ్చుకున్నదే, ఇది మాత్రం అక్షరాలా పాటించాడు.

ఎదురింట్లో పని చేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పెట్టాను. బుడగ మధ్యలో నిలవలేదు. నేను మ్యాట్ పరిచింది తూర్పు నుంచి పడమరకు. ఈశాన్యానికి వాలిన నేల మీద పడమరకు కొడితే బంతి ఎత్తు ఎక్కాలి, పైగా కుడి పక్కకు, అంటే ఉత్తరానికి జారుతుంది. కుడికి జారేదాన్ని గుంటలో వేయడానికి రెండు నెలల్లో నా చూపు దానంతటదే ఎడమకు తిరిగింది. ఎత్తు ఎక్కించడానికి దెబ్బ గట్టిపడింది. నేలకు తోడు ఆ చెక్క పెట్టె ఎత్తు ఒకటి. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని మా ఆవిడ అంది కానీ, నా విషయంలో మద్దెల నిజంగానే ఓడు.

మీ ఇంట్లో ఇది తేల్చడానికి రసమట్టం కూడా అక్కర్లేదు. మ్యాట్ పరిచి ఒక కొస నుంచి పది బంతులు, మ్యాట్ కదపకుండా రెండో కొస నుంచి పది బంతులు కొట్టండి. రెండు వైపుల నుంచీ మీ కుడికే పోతుంటే లోపం చేతిది. ఒక వైపు నుంచి కుడికి, రెండో వైపు నుంచి ఎడమకు, అంటే రెండుసార్లూ గదిలో ఒకే గోడ వైపు పోతుంటే లోపం నేలదో మ్యాట్‌దో. అప్పుడు మ్యాట్‌ను కొస మార్చి తిప్పి పరవండి. బంతి ఇంకా ఆ గోడ వైపే పోతే నేల, ఎదురు గోడకు మారితే మ్యాట్. నేల వాలైతే పల్లం వైపు మ్యాట్ అంచు కింద పాత దినపత్రిక మడిచి పొడుగునా పెడితే చాలు. మా హాలుకు నాలుగు మడతలు సరిపోయాయి, ఆదివారం సంచిక అయితే మూడు.

ఇక మ్యాట్. ఎత్తు ఎక్కించేది, బంతి వెనక్కి పంపేది కొనకండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కోర్సు మీద గుంట తప్పిన బంతి ఎంత దూరం పోయిందన్నదే రెండో పట్ ఎంత కష్టమో తేలుస్తుంది. డేవ్ పెల్జ్ అనే ఆయన, ముందు నాసాలో పని చేసి తరవాత ఈ పట్ల పరిశోధనలో పడినాయన, తప్పిన బంతి గుంట దాటి 17 అంగుళాల దగ్గర ఆగే వేగం మంచిదని లెక్క తేల్చాడు. 17 అంగుళాలంటే మన మల్లెపూల మూరకు ఒక అంగుళం తక్కువ. చెక్క పెట్టె మ్యాట్ మీద గుంట వెనక ఆ మూర చోటే ఉండదు, గోడే ఉంటుంది. గట్టిగా కొట్టినవాడికీ మెత్తగా కొట్టినవాడికీ ఒకే మార్కులు.

కాబట్టి ఎత్తు లేని చదును మ్యాట్, పది అడుగులు, వీలైతే పన్నెండు. గుంట బొమ్మ గీసి ఉంటే చాలు, అసలు గుంట అక్కర్లేదు. నేను రూపాయి నాణెం పెట్టి దాని మీదుగా పోనిస్తాను. అసలు గుంట వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. పది అడుగుల దూరం నుంచి పటర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే బంతి మధ్య నుంచి రెండు అంగుళాలు తొలగుతుంది, అంటే సరిగ్గా గుంట అంచు మీదికి. రెండు డిగ్రీలు తిరిగితే ఇక చూడనక్కర్లేదు. ఇంట్లో నేర్చుకోగలిగింది ఈ ఒక్కటే, బంతి అనుకున్న గీత మీద బయలుదేరడం. గ్రీన్ వంపులు, ఎత్తుపల్లాలు హాల్లో రావు, మ్యాట్ కింద దిండ్లు పెట్టి తెప్పించాలని చూసేవాళ్ళను చూశాను.

వేగం గురించి అమ్మేవాళ్ళు రాసేది చదివితే నవ్వొస్తుంది. స్టింప్ 13 అని వేస్తారు. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూసి వచ్చిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు గ్రీన్ల వేగం కొలవడానికి ఒక వాలుబద్ద కనిపెట్టాడు. దాన్నుంచి వదిలిన బంతి ఎన్ని అడుగులు దొర్లి ఆగితే అంత వేగం. తొమ్మిది అడుగుల మ్యాట్ మీద పదమూడు అడుగులు ఎలా దొర్లిందో ఆ రాసినవాళ్ళకే తెలియాలి. అయినా మన ఊళ్ళో గ్రీన్ల వేగం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. బెర్ముడా గడ్డి, మంచు తడి ఉంటే నెమ్మది, ఎండి, కోశాక వేరు. ఆ అంకెను పట్టించుకోకండి. మ్యాట్ మీద అరచేత్తో ఒకసారి అటు, ఒకసారి ఇటు నిమరండి. ఒక వైపు నూగు పడుకుని మెరుస్తుంది, రెండో వైపు లేచి నల్లబడుతుంది. మెరిసే దిక్కున బంతి వేగంగా పోతుంది, నల్లబడే దిక్కున నెమ్మదిస్తుంది. ఒకే మ్యాట్‌లో రెండు వేగాలు ఉచితం.

చుట్టి వచ్చిన మ్యాట్‌లో మడతల అలలు ఉంటాయి. ఎదురు వైపుకు చుట్టి ఒక రాత్రి ఉంచి, పరిచాక అలల మీద పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టండి. ఎండలో వేస్తే సాగుతుందని ఎవరో చెబితే నా రెండో మ్యాట్‌ను మే నెలలో మేడ మీద పరిచి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రానికి కింది రబ్బరు కరిగి సగం మేడకే అంటుకుంది. అసోసియేషన్ వాళ్ళు రాసిన నోటీసు లిఫ్టులో నెల రోజులు ఉంది. పేరు రాయలేదు కానీ మా బ్లాకులో గోల్ఫ్ ఆడేది నేనొక్కణ్ణే.

ఇంకొకటి, చప్పుడు. రాత్రి పదిన్నరకు టైల్స్ మీద బంతి పడితే కింది ఫ్లాటులో ఎలా వినబడుతుందో మా కింది వాళ్ళు నాకు వివరంగా చెప్పారు. మ్యాట్ చివర పాత బొంత ఒకటి మడిచి వేశాను. బంతి ఆగుతుంది, స్నేహం నిలిచింది. ఇప్పుడు వందకు అరవై కూడా నాణెం మీదుగా పోవు. పోయిన నెల కోర్సులో ముప్పై నాలుగు పట్లు.

కొనే ముందు ఆ రెండు కొసల పరీక్షకు మ్యాట్ కూడా అక్కర్లేదు, పలచటి తివాచీ ముక్క చాలు. చేసి మీ నేల ఎటు వాలిందో ఇక్కడ రాయండి. ఈశాన్యానికే అని నా పందెం.