కొత్త రివాల్వర్ కొనబోయే అల్లుడికి

కావలి

అల్లుడూ,

నీ ఉత్తరం చేరింది. హైదరాబాద్ రేంజ్‌లో నీ స్నేహితుడి కొత్త .32 సైజు రివాల్వర్‌తో పది రౌండ్లు కాల్చావనీ, పది మీటర్ల దూరాన పదీ నిమ్మకాయంత చోట పడ్డాయనీ, ఇక తాతగారి పాతది ఇచ్చేసి అలాంటిదే తీసుకుంటాననీ రాశావు. ఫొటో మీ అత్తకు చూపిస్తే "మనోడు బాగా కాల్చాడే" అంది. నా అనుమానం కూడా అదే. బాగా కాల్చింది నువ్వు. ఆ తుపాకి ఎలాంటిదో ఈ కాగితం చూసి చెప్పలేం.

కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో తుపాకి లోపం వెంటనే బయటపడుతుంది. నీలాగా పదేళ్ళు సెంటర్‌ఫైర్ పోటీలు ఆడినవాడి చేతిలో అది దాక్కుంటుంది. నేను ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా ఉన్నప్పుడు ఒక సుబేదారు ఉండేవాడు, మా యూనిట్లో అంత గురి ఇంకెవరికీ లేదు. ఆయన పిస్తోలు 9 ఎంఎం 1ఏ, ఇషాపూర్‌లో తయారైంది. ఎన్నేళ్ళయినా దాని మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఆయన సెలవు మీద వెళ్ళినప్పుడు దాన్ని ఒక కొత్త కుర్రాడికిచ్చి కాల్పిస్తే గుళ్ళన్నీ కుడివైపుకే పోయాయి. విప్పి చూద్దును కదా, ముందు సైట్ (గురి చూసే మొన) వెంట్రుకవాసి ఎడమకు జరిగి ఉంది. సుబేదారు తనకే తెలియకుండా ఎడమకు పట్టి సర్దుకుంటున్నాడు. తిరిగొచ్చాక చెబితే నమ్మలేదు, పైగా కోప్పడ్డాడు. సైట్ సరిచేసి ఇస్తే ఒక వారం ఆయన గుళ్ళు ఎడమకు పడ్డాయి!

అందుకే నిన్ను నువ్వు కాస్త నమ్మకుండా చూడమంటున్నాను.

పాత మోడల్‌కి కొత్త తొడుగు వెయ్యడం ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న మోజు. అమెరికాలో 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ తయారీ మధ్యలో ఆగిపోయి, 2020లో లోపలి యంత్రం మార్చుకుని మళ్ళీ వచ్చింది. మనవైపు 'పాత మోడల్' అంటే వెబ్లీ అనే ఇంగ్లండు కంపెనీ రివాల్వర్ల వంశమే. తాతగారిదీ ఆ వంశానిదే, నడుం దగ్గర విరిచి తెరిచే రకం. బ్రిటిష్ సైన్యం 1887లో ఈ రకాన్ని తీసుకుంది. అప్పట్లో అది .455. తర్వాత 1932లో ఎన్‌ఫీల్డ్ .38 వచ్చింది. ఆ సైజులు మామూలు పౌరుడికి ఇవ్వరు కాబట్టి మనకు .32 మిగిలింది. కాన్పూర్ నుంచి 2014లో వచ్చిన నిర్భీక్ కూడా విరిచి తెరిచేదే, కాకపోతే టైటానియం మిశ్రమంతో అరకిలో బరువు. అదే కాన్పూర్ నుంచి 2023లో ప్రబల్ వచ్చింది, దాని సిలిండర్ (తూటాల గదులుండే చక్రం) పక్కకు తెరుచుకుంటుంది. ఈమధ్య ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే .32 చేస్తున్నారు.

నువ్వు కాల్చింది పక్కకు తెరుచుకునేది. "మామా, ఫ్రేమ్ పైన కూడా మూసి ఉంది, చాలా గట్టిది" అని రాశావు. నిజమే. విరిచే రకంలో దెబ్బ భారమంతా కీలు మీద, పైనున్న కొక్కెం మీద పడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ లూజు వస్తుంది. మూసి ఉన్న ఫ్రేమ్‌కి ఆ బాధ లేదు. కానీ ఒక్కటి ఆలోచించు. .32 లాంగ్ అనేది 1896 నాటి తక్కువ బలమున్న తూటా. .357 మాగ్నమ్ లాంటి బలమైన తూటా కాల్చేవాడికి ఆ గట్టితనం ప్రాణం. మనకు అది పెద్ద సైకిల్ ట్యూబు మీద లారీ టైరు తొడిగినట్టు. గట్టితనం కోసం ఎక్కువ డబ్బు పెట్టకు. పెడితే ట్రిగ్గర్ కోసం పెట్టు, సైట్ల కోసం పెట్టు, కింద పడ్డా పేలని ఏర్పాటు కోసం పెట్టు. పాతవాటిలో హ్యామర్ (వెనకనుండి కొట్టే సుత్తి) కింద గదిని ఖాళీగా వదిలి ఐదే నింపుకోవడం పెద్దవాళ్ళ అలవాటు, అది ఊరికే పుట్టలేదు. కొత్తవాటిలో కొన్నింటికి ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాను పేల్చే పిన్నుకు చేరకుండా ఏర్పాటు ఉంటుంది. నువ్వు కొనేదానికి అది ఉందా లేదా అన్నది కంపెనీ ఇచ్చే పుస్తకంలో చూడు. కొట్టువాడి నోటి మాట మీద వదలకు.

కొనకముందు కాల్చి చూసుకోనివ్వడం మన కొట్లలో అరుదు. అందుకని కౌంటర్ దగ్గర పది నిమిషాలు బిడియపడకుండా తీసుకో. ముందు సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూడు, వేలితో తడుము. నీకు చెప్పక్కర్లేదని తెలుసు, అయినా చెబుతాను. నలభై ఏళ్ళలో నేను చూసిన ప్రమాదాలన్నీ 'ఖాళీ' తుపాకులతో జరిగినవే.

తర్వాత హ్యామర్‌ని చాలా మెల్లగా వెనక్కి లాగు, ఇంకో చేతి వేలు సిలిండర్ మీద తేలిగ్గా ఆనించి. హ్యామర్ నిలబడేలోపు సిలిండర్ టక్కున ఆగి లాక్ కావాలి. ఆరు గదులకూ విడివిడిగా చూడు. ఐదు బాగుండి ఒకటి ఆలస్యమైనా వద్దు. గది బారెల్‌కి ఎదురుగా సరిగ్గా నిలవకపోతే సీసం చెక్కుకుని పక్కకు చిమ్ముతుంది, పక్క లైనులో ఉన్నవాడి కంటికి ముప్పు. లాక్ అయ్యాక సిలిండర్‌ని అటూ ఇటూ కదిపి చూడు. పిసరంత ఆట ఉంటుంది, అది తప్పు కాదు. ముందుకూ వెనక్కీ కదిలితేనే నాకు నచ్చదు. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు కొలవడానికి ఫీలర్ గేజ్ పట్టుకెళ్ళు. చీమకుర్తిలో మీ క్వారీ మెకానిక్ వాల్వులు సెట్ చేసేది అదే. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపు ఉంటే సంతోషం. అంతకన్నా ఎక్కువైతే మంట పక్కలకు కొడుతుంది. మరీ తక్కువైతే కాసిని రౌండ్లకే మసి పేరుకుని సిలిండర్ బిగుసుకుపోతుంది.

ట్రిగ్గర్ బరువు నీ వేలితో చూడకు. నీ వేలు పోటీ పిస్తోలు కిలో బరువు ట్రిగ్గర్‌కి అలవాటైన వేలు, ప్రతి ట్రిగ్గర్‌నీ మూడు లాగుళ్ళలో మచ్చిక చేసేసుకుంటుంది. రొయ్యల చెరువుల దగ్గర వాడే వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. డమ్మీ గుళ్ళు వేసి, కొక్కెం ట్రిగ్గర్‌కి తగిలించి, పదిసార్లు లాగి పదీ రాసుకో. అది నాలుగు కిలోలా ఐదు కిలోలా అన్నది రెండో సంగతి. పది అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే చూడు. ఒకసారి మూడున్నర, ఒకసారి ఐదు చూపించే ట్రిగ్గర్ లోపల ఏదో గరుకు ఉందన్నమాట. వాడగా వాడగా నునుపవుతుందని కొట్టువాడు అంటాడు. కొన్నిసార్లు అవుతుంది కూడా. కానీ ఆ పూచీ మీద నేనైతే డబ్బు కట్టను.

ఇక రేంజ్ సంగతి. నిమ్మకాయంత గుంపు అంటే నాలుగు సెంటీమీటర్లు అనుకుందాం. పది మీటర్లలో నాలుగంటే నీకు అలవాటైన 25 మీటర్లలో పది సెంటీమీటర్లు. ప్రెసిషన్ పోటీ కాగితంలో పది మార్కుల గీత వ్యాసం 50 మిల్లీమీటర్లు, తొమ్మిది గీతది 100. అంటే నీ నిమ్మకాయ తొమ్మిది గీత దాకా పాకింది. మూడంగుళాల బారెల్‌కి అది చెడ్డది కాదు, పొట్టి బారెల్ మీద రెండు సైట్ల మధ్య దూరం తక్కువ, కంటి పొరపాటు పెద్దదవుతుంది. పోటీ పిస్తోలుతో దీన్ని పోల్చకు. తాతగారి దానితో పోల్చు.

నీ స్నేహితుడిదాన్నే మళ్ళీ అడిగి రేంజ్‌కి తీసుకెళ్ళి, ఆరు గదులకూ మార్కర్‌తో నంబర్లు వెయ్యి. ఇసుక సంచి మీద చేతులు ఆనించి, ఒక్కో గదికి ఒక్కో కాగితం పెట్టి ఐదేసి రౌండ్లు కాల్చు. మొత్తం ముప్పై. తూటాల లెక్క నీ లైసెన్సులో ఎంతుందో చూసుకో, దొరకడమే కష్టమైన రోజుల్లో ముప్పై అంటే తక్కువ కాదని తెలుసు. అయినా ఈ ముప్పై దండగ కాదు. అన్నీ కలిపి కాలిస్తే గుంపు కాస్త పెద్దదైందనే తెలుస్తుంది. విడివిడిగా కాలిస్తే నాలుగో గదే పక్కకు కొడుతోందని తెలుస్తుంది. ఖాళీలు (కాలిన తూటాల డొల్లలు) కూడా గది నంబరు ప్రకారం పొట్లాలు కట్టు. పిన్ను పోటు డొల్ల అడుగున ఉండే ప్రైమర్ మధ్యలో, ఒకే లోతున పడిందా లేదా భూతద్దం కింద పెట్టి చూడు. ఒకే పెట్టెలోని తూటాలు వాడు, రెండు రకాలు కలిపితే నిందలు ఎవరి మీద వెయ్యాలో తెలియదు.

ఆ తర్వాత హ్యామర్ ఎత్తకుండా నేరుగా ట్రిగ్గర్ లాగి ఒక ఆరు. ఎడమ చేత్తో ఒక ఆరు. ఎడమ చేతికి నీ విద్య అంతగా రాదు కాబట్టి అది నిజం చెబుతుంది. రేంజ్ ఆఫీసర్ ఒప్పుకుంటే కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడితో కూడా ఒక ఆరు కాల్పించు. ఖాళీలు బయటికి తీసేటప్పుడు గమనించు. విరిచే రకం గబుక్కున తెరిస్తే ఆరూ ఎగిరి పడతాయి, మెల్లగా తెరిస్తే ఒక్కోసారి ఒకటి ఖాళీలను తోసే నక్షత్రం ఆకారపు బిళ్ళ కిందకు జారి ఇరుక్కుంటుంది. పక్కకు తెరిచేదాన్ని మూతి పైకెత్తి ఖాళీలను తోసే కడ్డీని ఒక్క దెబ్బన నొక్కాలి, అరకొరగా నొక్కితే ఒకటి మిగిలిపోతుంది. ఇది తుపాకి తప్పు కాదు, చేతికి కొత్త అలవాటు.

తుప్పు గురించి నీకు తెలియంది కాదు, కానీ మీ ఒంగోలు గాలికీ మా కావలి గాలికీ ఉప్పు బాగా ఎక్కువ. నీలం పూత చూడ్డానికి అందంగా ఉంటుంది, నవంబరు తుపాను ముసురు నాలుగు రోజులు పట్టిందంటే దాని అందం తెలిసిపోతుంది. స్టెయిన్‌లెస్ దొరికితే అదే తీసుకో. ఏదైనా తోలు తొడుగులో ఉంచకు, తోలు తేమ తాగి ఇనుముకు పోస్తుంది. ఒకసారి ఎలక్షన్లప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి నెలన్నర తర్వాత తెచ్చుకుంటే నా బారెల్ లోపల ఎర్రగా పొడి రాలింది. అప్పట్నుంచి డిపాజిట్ చేసేముందు చిక్కటి నూనె దట్టంగా పట్టించి, నూనె గుడ్డలో చుట్టి ఇస్తున్నాను.

కాగితాల విషయం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులే ఉండాలి. మీ నాన్న డబుల్ బ్యారెల్ నీ పేరు మీదే ఉంది, తాతగారిది రెండు. కొత్తది మూడో లెక్క. అంటే పాతది వదిలితేనే కొత్తది. అమ్మేముందు అధికారులకు రాసిచ్చి, కాగితం చేతికి వచ్చాకే తుపాకి చెయ్యి మారాలి. కొట్టువాడు 'నేను చూసుకుంటా సార్' అంటే నమ్మి వచ్చెయ్యకు.

నీ ఉత్తరం చదివినప్పట్నుంచి నాకో భయం ఉంది, అది కూడా చెప్పేస్తాను. తాతగారి రివాల్వర్‌ని నేను పదిహేనేళ్ళ వయసులో మొదటిసారి ముట్టుకున్నాను. దాని కీలు రెండుసార్లు నేనే సరిచేశాను. ఏ కొత్తది వచ్చినా నా కంటికి వంకరగానే కనబడుతుంది. నీకు కొత్తదాని మీద మోజు, నాకు పాతదాని మీద పక్షపాతం, మన ఇద్దరి మాటా చెల్లదు.

కాబట్టి పాతదానితో కూడా అచ్చం ఇలాగే ముప్పై కాల్చు, అదే పెట్టెలోని తూటాలు, అదే ఇసుక సంచి, అదే దూరం. కాగితాల వెనక పెన్సిల్‌తో ఏది ఏ తుపాకిదో రాయి. ముందువైపు ఏమీ రాయకు. పన్నెండు కాగితాలూ కలిపేసి కవర్లో పెట్టి వచ్చే ఆదివారం తీసుకురా. వెనక్కి తిప్పకుండా చూసి, ఏవి బాగున్నాయో విడదీసి పెడతాను. తర్వాత మీ అత్తే తిప్పుతుంది.

మీ మామ