నాలుగు రోజులు ఎండలంటున్నారు.. నాన్నగారి బీపీ మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక పల్లెటూరు. మా నాన్నగారి వయసు 66 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. మిర్చి ఇంకా కల్లంలోనే ఉండటంతో పగలు అక్కడే ఉంటారు, రాత్రి కాపలాకు కూడా అక్కడే పడుకుంటారు. నిరుడు వేసవిలో ఒకసారి కళ్లు తిరిగి పడిపోయారు. వచ్చే వారంలో మొదటి నాలుగు రోజులు 43, 44 డిగ్రీల ఎండ ఉంటుందని, ఆ తర్వాత సాయంత్రాలు ఉరుములు, పిడుగులతో వానలు పడవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. ఆ నాలుగు రోజులు బీపీ మాత్ర ఆపేయమని కొందరు అంటున్నారు. ఆపవచ్చా? ఓఆర్‌ఎస్ తాగించవచ్చా?

డాక్టర్ సలహా: మాత్రను మీ అంతట మీరు ఆపకండి. అయితే మీ భయంలో అర్థముంది. ఎండలు ముదరడానికి ఇంకా ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంది కాబట్టి, రేపే నాన్నగారిని మందుల చీటీతో సహా ఆయనను చూసే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఆయన వాడే మందుల్లో హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపుతూ దానితో పాటు నీటిని కూడా లాగేస్తుంది. మామూలు రోజుల్లో ఇది మేలే చేస్తుంది. కానీ చెమట రూపంలో కూడా నీరు పోతున్న రోజుల్లో ఈ రెండూ కలిస్తే రక్తపోటు పడిపోవచ్చు, టెల్మిసార్టాన్ కూడా వాడుతున్నందున మూత్రపిండాలపై ఒత్తిడి పెరగవచ్చు. నిరుడు పడిపోవడానికి కారణం ఇదేనని ఉత్తరం చూసి చెప్పలేను గానీ, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే మోతాదు మార్చాల్సి రావచ్చు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, రక్తంలోని లవణాలు చూసే సోడియం, పొటాషియం పరీక్షలు కూడా చేయిస్తే నిర్ణయం తేలికవుతుంది. వాంతులు, విరేచనాలతో ఏమీ తినలేని, తాగలేని రోజున మాత్రం డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ మాత్రలను తాత్కాలికంగా ఆపమని సాధారణంగా చెబుతాం. ఆ రోజు ఏం చేయాలో కూడా ముందే అడిగి ఉంచుకోండి.

వాతావరణ శాఖ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినది. కల్లంలో నేరుగా ఎండలో నిలబడిన మనిషికి తగిలే వేడి అంతకన్నా చాలా ఎక్కువ. పైగా మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైనప్పుడో, లేదా 45 డిగ్రీలు తాకినప్పుడో వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా పరిగణిస్తుంది. కాబట్టి 43 డిగ్రీలు ఉండి కూడా హెచ్చరిక లేని రోజు ఉండవచ్చు. అలాంటి రోజున కూడా మీ నాన్నగారి వంటివారికి దెబ్బ తగులుతుంది. మీ ప్రాంతపు పొడి గాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, చొక్కా తడవదు, అందుకే ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. దాహం కోసం ఎదురుచూడకుండా తాగించండి, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందేమో గమనించమనండి. ఉదయం పది దాటాక సాయంత్రం నాలుగున్నర వరకు ఆయన కల్లంలో ఉండకూడదు. రాత్రి కాపలా గురించి నాకంత బెంగ లేదు. పగలంతా కాలిన శ్లాబు ఇంటికన్నా ఆరుబయటే ఒళ్లు బాగా చల్లబడుతుంది.

ఓఆర్‌ఎస్ మందులాంటిది, మంచినీళ్లకు బదులు రోజూ తాగేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. బాగా చెమట పట్టి నీరసించినప్పుడు, వాంతులు, విరేచనాలు అయినప్పుడు బీపీ, షుగరు ఉన్నా ఇవ్వవచ్చు. మిగతా వేళల్లో మంచినీళ్లు, ఉప్పు తక్కువ వేసిన పలుచని మజ్జిగ చాలు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ కూడా దాన్ని పెంచగలదు. మూత్రపిండాల పరీక్ష ఫలితం చూశాకే అవి రోజూ ఇవ్వండి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, నడక తూలినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా, భయం లేదనుకోవద్దు, చెమట పడుతున్నా వడదెబ్బ తగలవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ ఉండండి. ఐస్ దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించలేదు.

వారం చివరి వానల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. మబ్బు పట్టే ముందు గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గినా ఒంటికి ఉపశమనం ఉండదు. ఉరుము వినగానే మిర్చి మీద పట్టాలు కప్పడానికి కల్లానికి పరుగెత్తేవారు పిడుగుపాటుకు గురయ్యే ప్రమాదం ఉంది. సాయంత్రం పిడుగుల హెచ్చరిక ఉన్న రోజున కాయలు ఆరబోయకుండా ఉదయమే రాశిగా పోయించి పట్టా కప్పించండి, ఆ రాత్రి కాపలా మానిపించి నాన్నగారిని ఇంటికి తీసుకురండి.