"జ్వరం లేదు కదా" అన్నారు

మీ తమ్ముడికి కిడ్నీ మార్పిడి జరిగి ఎనిమిది నెలలైంది, ఫ్లూ టీకా వేయిస్తే కొత్త కిడ్నీ దెబ్బతింటుందా అని మీరు అడిగారు. దెబ్బతినదు, వేయించండి. టీకా వల్ల రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) వస్తుందన్న భయం నాకూ ఉండేది. ఆ భయంతో ఒక ఏడాది ఎగ్గొట్టాను. ఆ ఏడాదే ఫ్లూ పట్టుకుంది.

అమ్మ నాకు కిడ్నీ ఇచ్చి అప్పటికి మూడేళ్లు. ఒక సాయంత్రం గొంతులో గరగర, నడుం పట్టేసినట్టు నొప్పి. థర్మామీటర్ పెడితే 99. మర్నాడూ 99. ఇంట్లో అందరూ "జ్వరం లేదుగా" అని స్థిమితపడ్డారు. మూడో రోజు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూలబడ్డాను. ఎమర్జెన్సీకి వెళ్తే డ్యూటీ డాక్టర్ కూడా అదే పాట: "జ్వరం లేదు కదండీ, మామూలు జలుబే." ముక్కులో పుల్ల పెట్టి ఫ్లూకి ర్యాపిడ్ టెస్ట్ చేశారు, నెగటివ్. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చి పంపేశారు. రిజెక్షన్ రాకుండా టాక్రోలిమస్ అనే మందు వాడుతున్నానని చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నారు కూడా.

రెండు రోజులకి చేతులు వణకడం మొదలైంది. గ్లాసు ఎత్తితే నీళ్లు ఒలికిపోయేవి. టాక్రో లెవెల్ పెరిగితే ల్యాబ్ కంటే ముందు నా చేతులే చెప్పేస్తాయి. టాక్రోలిమస్‌ని అరగదీసే ఎంజైముకి క్లారిత్రోమైసిన్ అడ్డుపడుతుంది, దాంతో మందు రక్తంలో పేరుకుపోతుంది. మా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి ఫోన్ చేసి బిళ్ల పేరు చదవగానే "అది ఆపేసి వెంటనే వచ్చేయండి" అన్నారు. ర్యాపిడ్ టెస్ట్ కంటే కచ్చితమైన పీసీఆర్‌కి శాంపిల్ తీసుకుని, రిపోర్టు రాకముందే ఫ్లూ మందు ఓసెల్టామివిర్ మొదలుపెట్టేశారు. తర్వాత తేలింది, ఇన్‌ఫ్లుయెంజా ఎ. అప్పటికే కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) 1.2 నుంచి 2.1కి పోయింది. మళ్లీ 1.4 దగ్గర ఆగింది, అంతకంటే కిందికి రానే లేదు. ఆ 0.2 ఎవరి ఖాతాలో రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఓసెల్టామివిర్ 48 గంటల్లోపు పడితే మేలు ఎక్కువ. అయితే మనలాంటివాళ్లకి ఆలస్యమైనా ఇస్తారు, ఎందుకంటే వైరస్ మన ఒంట్లో వారాల తరబడి తిష్ట వేయగలదు. మామూలుగా 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 5 రోజులు. నాకు కిడ్నీ పనితీరు చూసి డోసు తగ్గించి, 10 రోజులకి పొడిగించారు. రిజెక్షన్ రాకుండా వాడే మరో మందు మైకోఫినోలేట్ కూడా కొన్నాళ్లు సగం చేశారు. అది డాక్టర్ చేయాల్సిన పని, మనంతట మనం చేసేది కాదు.

అసలు జ్వరం చాలావరకు వైరస్ పెట్టేది కాదు, వైరస్‌ని చూసి మన రోగనిరోధక శక్తి చేసే గొడవ. దాని నోరు నొక్కడానికే కదా రోజూ గుప్పెడు బిళ్లలు మింగుతున్నాం! అందుకే నా లెక్కలో థర్మామీటర్ జ్వరం చూపిస్తే నమ్మాలి, చూపించకపోతే నమ్మకూడదు. మీ తమ్ముడికి ఒళ్లునొప్పులు, దగ్గు కనబడితే అంకెతో పనిలేదు, అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ టీంకి ఫోన్ చేయండి. ఐబుప్రోఫెన్ లాంటివి మాత్రం ఇవ్వొద్దు, టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీకి దెబ్బ.

ఇంకో సంగతి. "చూసిపోదామని వచ్చాం" అంటూ తుమ్ముతూ లోపలికొచ్చే చుట్టాలు ఉంటారు. మాస్కు పెట్టుకోమంటే మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి. టీకా మన ఒంట్లో మామూలువాళ్లలో పనిచేసినంతగా పనిచేయదు, కాబట్టి ఇంట్లోవాళ్లందరూ వేయించుకోవడం తమ్ముడికి రెండో కవచం. తమ్ముడికి ఇంజెక్షన్ రూపంలోదే వేయించాలి. ముక్కులో కొట్టేదాంట్లో బతికున్న వైరస్ ఉంటుంది, అది మనకి పనికిరాదు. హై డోస్ టీకా దొరుకుతుందేమో కూడా అడగండి. మామూలు టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాములుంటే అందులో 60 ఉంటుంది.

ఎనిమిది నెలలంటే టీకాకి ఇంకా తొందరేమో అని ఆగాల్సిన పనిలేదు. వచ్చే చెకప్‌లోనే అడిగేయండి. మా ఇంట్లో ప్రతి ఏడాదీ మొదటి సూది అమ్మదే, ఆ తర్వాతే నాది.