మెడ మీద మచ్చ: పది రోజుల్లో పోయేదాన్ని పది నెలలు చేసుకోకండి
(పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

లవ్ బైట్, పంటిగాటు, ముద్దు మచ్చ... ఎవరు ఏ పేరుతో రాసినా అడిగింది ఒకటే. ఈ నెల ఉత్తరాల్లో అయిదింటిని ఎంచి జవాబిస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: పెళ్లయి వారమైంది. మెడకు ఎడమపక్క రూపాయి బిళ్లంత మచ్చ పడింది. ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం, చుట్టాలందరూ వస్తారు. టూత్‌పేస్టు పూసి, రూపాయి బిళ్లతో గీకితే పోతాదని స్నేహితురాలు చెప్పింది. రెండూ చేసినా. మచ్చ పెద్దదైంది, ఇప్పుడు మంట కూడా. ఏం చేయాల?
— కొత్త కోడలు, ఆదోని

జవాబు: ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి వ్రతం అయిపోయి ఉంటుంది తల్లీ. అయినా ఇదే పొరపాటు చేసేవాళ్లు చాలామంది కనుక వివరంగా చెప్తున్నాం.

అది కమిలిన గాయం, అంతే. గట్టిగా పీల్చినప్పుడు చర్మం కింద వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు చిట్లి, నెత్తురు బయటికి ఊరి అక్కడే నిలిచిపోతుంది. మోకాలు బల్లకు తగిలి కమిలినా జరిగేది ఇదే. మొదటిరోజు ఎర్రగా ఉంటుంది. రెండోరోజుకు నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. అయిదారు రోజులకు అంచుల్లో ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు, చివరికి లేత గోధుమరంగు. నెత్తురులోని ఎర్ర పదార్థాన్ని ఒళ్లు ముక్కలు చేసి మోసుకుపోయే క్రమం అది. ఆ పసుపు రంగు బిలిరుబిన్‌ది, కామెర్లలో కళ్లకు ఎక్కేది కూడా ఇదే. అందుకని రంగులు మారుతుంటే భయపడొద్దు, మానుతోందని అర్థం. మొత్తం మీద వారం నుంచి రెండు వారాలు.

బిళ్లతో గీకితే ఏమవుతుందంటే, అప్పుడప్పుడే మూసుకుంటున్న నాళాలు మళ్లీ చిట్లుతాయి. నెత్తురు ఇంకా ఊరుతుంది. మీ మచ్చ పెరిగింది అందుకే. దువ్వెన, బ్రష్షు, లిప్‌స్టిక్ మూత, ఏది పెట్టి రుద్దినా ఇంతే. టూత్‌పేస్టులోని పుదీనా సత్తు, నురుగు వచ్చే మందు మెడమీది పలుచని తోలును కాలుస్తాయి. అసలు చిక్కు ఇక్కడుంది. మన చామనఛాయ ఒంటికి చిన్న మంట, చిన్న బొబ్బ చాలు, మానిన తర్వాత నల్లమచ్చ మిగులుతుంది. కమిలిన మచ్చ పది రోజుల్లో పోతుంది, ఆ నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. నిమ్మరసం రాసుకుని కర్నూలు ఎండలో తిరిగినా, సున్నం కలిపిన పసుపు పట్టు వేసినా, నొప్పుల బామ్ పూసినా ఇదే గతి. ఉత్త పసుపు కాల్చదు గానీ, మెడంతా పచ్చబడి కళ్లు నేరుగా అక్కడికే పోతాయి.

మచ్చ పడిన మొదటి రెండు రోజులు చల్లదనం పెట్టాలి. నాలుగైదు ఐసుముక్కలు కవర్లో వేసి, పలుచని నూలు తువాలు చుట్టి, పది నిమిషాలు ఆనించండి. మూడు నాలుగు గంటలకోసారి, రోజుకు నాలుగైదు సార్లు. ఐసును నేరుగా తోలుకు తగిలించొద్దు, అదీ కాలుస్తుంది. ఫ్రిజ్ లేకపోతే కుండనీళ్లలో పిండిన గుడ్డ. చల్లదనానికి నాళాలు ముడుచుకుని నెత్తురు ఊరడం తగ్గుతుంది. 48 గంటలు దాటాక ఐసుతో పని లేదు, ఊరాల్సింది ఊరిపోయింది. అప్పటినుంచి గోరువెచ్చని గుడ్డ, పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. గుడ్డ వేడి ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి, హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పెట్టేటప్పుడు ఒత్తడం, పిసకడం వద్దు.

మందుల షాపులో హెపారిన్ ఆయింట్‌మెంట్ దొరుకుతుంది. తోలు తెగని చోట పలుచగా, రోజుకు రెండు మూడుసార్లు రాయొచ్చు. మచ్చ కాస్త ముందుగా పోవచ్చేమో, అంతకన్నా ఎక్కువ ఆశించొద్దు. నొప్పి ఉంటే పారాసిటమాల్ వేసుకోండి. ఆస్పిరిన్ వేసుకుంటే నెత్తురు ఇంకా ఊరుతుంది.

మీ విషయంలో ఇవన్నీ తర్వాత. ముందు మంట తగ్గాలి. మామూలు నీళ్లతో కడిగి, వాసన లేని వాజిలిన్ పలుచగా రాసి, నాలుగైదు రోజులు ఇంకేమీ పూయకండి. వేడి గుడ్డ, ఆయింట్‌మెంట్, మేకప్ ఏవీ వద్దు. ఈలోగా ఎవరైనా వస్తే జడ ముందుకేసుకుని, పైట కొంగు ఆ భుజం మీదుగా కప్పుకోండి. మంట పోయాక బయటికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఎస్పీఎఫ్ 30 కన్నా తక్కువ కాని సన్‌స్క్రీన్ రాయాలి. అది మానేస్తే నల్లమచ్చ ముదురుతుంది.

ప్రశ్న: నేను టీచర్‌ను. మచ్చ మీద ఫౌండేషన్ మందంగా పూసుకుని బడికి పోయినా. బూడిద పూసినట్టు కనపడింది. పదకొండు గంటలకంతా చెమటకు కరిగి చీర అంచుకు అంటింది. మేకప్‌తో దాచడం కుదరదా?
— ఒక టీచరమ్మ, కడప

జవాబు: కుదురుతుంది. మీరు ఒక మెట్టు వదిలేశారు, ఒకటి ఎక్కువ చేశారు. నేరేడు రంగు మీద లేత ఫౌండేషన్ పడితే రెండూ కలిసి బూడిదరంగే వస్తుంది, ఎంత మందంగా పూస్తే అంత బూడిద. ముందు ఆ నీలాన్ని విరిచే రంగు కావాలి. మన ఛాయకు అది నారింజ. బాగా తెల్లని ఛాయ అయితే పీచ్ పండు రంగు. కలర్ కరెక్టర్ అని అడిగితే ఇస్తారు. మచ్చ ఇంకా ఎర్రగా ఉన్న మొదటిరోజైతే ఆకుపచ్చ కరెక్టర్, అది కూడా పొర ఉందో లేదో అన్నంత పలుచగా. పసుపు, గోధుమరంగుకు వచ్చాక కరెక్టర్ అక్కర్లేదు, ఒంటి రంగులో ఉండి మచ్చను కప్పే కన్సీలర్ ఒక్కటే చాలు. అంటే ఈ వారం పనిచేసిన రంగు వచ్చేవారం పనిచేయదు, రోజూ అద్దంలో చూసి మార్చుకోవాలి.

మెడ కడిగి మెత్తగా అద్దుకోండి. జిడ్డు లేని జెల్ మాయిశ్చరైజర్ కొంచెం, దానిమీద సన్‌స్క్రీన్ రాసి అయిదు నిమిషాలు ఆగండి. ఇవి ఇంకకముందే పై పూత వేస్తే జారిపోతుంది, కడప ఎండలో మరీను. తర్వాత బియ్యపు గింజంత నారింజ కరెక్టర్ ఉంగరపు వేలితో తీసుకుని మచ్చ మీద మాత్రమే తట్టండి. రుద్దితే పక్కకు పోయి మచ్చ చుట్టూ నారింజ వలయం ఏర్పడుతుంది. నీలం పూర్తిగా మాయం కానక్కర్లేదు, గోధుమగా మారితే చాలు. ఒక నిమిషం ఆగండి.

ఇప్పుడు కన్సీలర్, శనగబద్దంత. రంగు మీ ముఖానికి కాదు, మెడకు సరిపోవాలి. చాలామందికి మెడ ముఖం కన్నా ఒక ఛాయ ముదురుగా ఉంటుంది. షాపులో ట్యూబులైటు కింద చూసి కొనొద్దు, మెడకు కొద్దిగా రాసుకుని వాకిట్లోకి వచ్చి పగటి వెలుతురులో చూడండి. మచ్చ అంచు దాటి వేలెడు వెడల్పు వరకు తడి స్పాంజితో తడుతూ పలుచన చేయండి. దానిపై లూజ్ పౌడర్ పఫ్‌తో అద్ది నొక్కి, అయిదు నిమిషాలు వదిలి, ఎక్కువైనది బ్రష్షుతో దులపండి. ఇంకా తొంగిచూస్తుంటే కన్సీలర్ ఇంకో పలుచని పొర, మళ్లీ పౌడర్. ఒక్క మందపాటి పొర చెమటకు పగుళ్లిస్తుంది, రెండు పలుచనివి నిలుస్తాయి. సెట్టింగ్ స్ప్రే ఉంటే జానెడు దూరం నుంచి రెండుసార్లు కొట్టి ఆరనివ్వండి. కొనేటప్పుడే నీళ్లకు పోనివి, నూనె లేనివి అడగండి.

బడిలో చెమట పడితే రుమాలు ఆనించి ఎత్తండి, తుడవొద్దు. కాలర్ నెక్ జాకెట్టు ఉంటే సగం పని అదే చేస్తుంది. స్కూటీ మీద మొహానికి, మెడకు చుట్టుకునే స్కార్ఫ్ ఎండలో సహజం, తరగతి గదిలో కూడా చుట్టుకుని ఉంటే పిల్లలే మొదట అడుగుతారు. గొలుసు నాలుగు రోజులు తీసిపెట్టండి, ఒరుసుకుంటే మంటా, మేకప్ చెదరడమూ రెండూ. రాత్రి దూదికి కొబ్బరినూనె ముంచి అరనిమిషం ఆనించి, ఆ తర్వాత తుడవండి. పొడి దూదితో రుద్ది తీస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చీర అంచు మరకకు గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క వేసి పది నిమిషాలు ఉంచి చల్లనీళ్లతో కడగండి. పట్టుచీరైతే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు.

ప్రశ్న: బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. దవడ కింద మచ్చ. మేకప్ అలవాటు లేదు. బ్యాండేజీ అంటించుకోవచ్చా?
— ఒక ఉద్యోగి, అనంతపురం

జవాబు: అంటించుకుంటే పొద్దుటినుంచి సాయంత్రం దాకా 'ఏమైంది సార్' అని అడుగుతూనే ఉంటారు. పైగా చెమటకు దానికింద తోలు ఎర్రబడుతుంది. దవడ కిందే కాబట్టి నాలుగైదు రోజులు ఆ భాగం గడ్డం గీయకండి, పెరిగిన గడ్డం చాలావరకు కప్పేస్తుంది. కమిలిన చోట బ్లేడు, ఆఫ్టర్‌షేవ్ రెండూ మంట పెడతాయి. మచ్చ ఇంకా కిందికి ఉంటే చొక్కా పై బొత్తాం పెట్టుకుంటే చాలు. తప్పదనుకున్న రోజు పైన టీచరమ్మకు చెప్పిన రెండు పూతలే, కరెక్టర్, కన్సీలర్, పలుచగా వేసుకోండి, మగవాళ్ల తోలుకూ పద్ధతి అదే.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. హాస్టల్ నుంచి వచ్చింది. మెడ మీద ఎర్రగా మచ్చ. అడగాలా వద్దా అని మూడు రోజులుగా నిద్ర లేదు.
— ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: అమ్మా, మెడ మీద ఎరుపంతా మీరనుకున్నదే కానక్కర్లేదు. గాజు గ్లాసు పక్కభాగం మచ్చకు ఆనించి మెల్లగా నొక్కితే తెలుస్తుంది. నొక్కినప్పుడు ఎరుపు తేలిపోతే అది దద్దురో, గొలుసు పడకపోవడమో, వానాకాలంలో లైటు చుట్టూ తిరిగే చిన్న పురుగు నలిగి కాలిన గీతో కావచ్చు. గుండ్రంగా అంచు ఉబ్బి దురద పెడితే తామర. నొక్కినా రంగు పోకపోతే చర్మం కింద నెత్తురు చేరినట్టు. అలాంటివి సన్నని చుక్కలుగా కాళ్లమీద, చేతులమీద కూడా ఉండి, జ్వరమో చిగుళ్లనుంచి రక్తమో కనపడితే అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్లి ప్లేట్‌లెట్లు చూపించండి. డెంగీలోనూ అలా వస్తాయి. ఇవేవీ లేకుండా ఒక్క మచ్చే అయితే, 'నొప్పిగా ఉందా, ఏమైనా పూయాలా' అని అడగండి. ఆ ప్రశ్నకు పిల్ల జవాబు చెప్తుంది. 'ఎవరు' అనే ప్రశ్నకు తలుపు వేసుకుంటుంది. ఒకవేళ తనకు ఇష్టం లేకుండా జరిగిందైతే, ఆ సంగతి చెప్పుకోవడానికి తలుపు తెరిచి ఉండాలి కదా.

ప్రశ్న: వద్దంటే వినడు, ప్రతిసారీ మెడ మీదనే. గుండె కవాటం ఆపరేషన్ అయినప్పటినుంచి రక్తం పలుచనయ్యే మాత్రలు వాడుతున్నా, మచ్చ అరచేయంత అవుతోంది. భార్యాభర్తల మధ్య సంగతి, డాక్టరుకు ఎట్ల చెప్పేది?
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: చెప్పాలి, ఈ వారమే చెప్పాలి. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ లాంటి మాత్రల మీద ఉన్నవారికి చిన్న దెబ్బకే ఎక్కువ నెత్తురు ఊరుతుంది. మచ్చ అరచేయంత అవుతోందంటే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితం డాక్టరుకు చూపండి. 'మెడ మీద కమిలింది, తగ్గట్లేదు' అంటే చాలు, రోజూ ఇలాంటివి చూసేవాళ్లే వాళ్లు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, కృత్రిమ కవాటం మీద గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. మచ్చ ఉబ్బి గట్టిపడినా, మింగడం, ఊపిరి కష్టమైనా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మీ ఆయనకు ఇది చదివి వినిపించండి. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట మెదడుకు నెత్తురు తీసుకెళ్లే పెద్ద నాళం ఉంటుంది. అక్కడ గట్టిగా పీల్చడం వల్ల ఆ నాళం దెబ్బతిని పక్షవాతం వచ్చిన సందర్భాలు బహు అరుదుగానే అయినా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడడం కనపడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మీరు వద్దన్నప్పుడు ఆపాల్సింది ఈ జబ్బు ఉన్నందుకే కాదు, మీరు వద్దన్నందుకు. మెల్లగా ఉన్న వేళ, పడకగదిలో కాకుండా పగటిపూట కూర్చోబెట్టి చెప్పండి. అప్పటికీ వినకుండా బలవంతం చేస్తే అది హింస. 181కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు.