సీ-పెప్టైడ్ 397: కంగారు పడే ముందు

తమ్ముడూ, నీ ఒళ్లు ఇన్సులిన్ ఎంత తయారు చేస్తోందో చెప్పే రక్తపరీక్ష సీ-పెప్టైడ్, హైదరాబాద్‌లో 1.2 ఉన్నది లండన్‌లో 397 అయిందని నిద్ర మానుకున్నానన్నావు. హైదరాబాద్ ల్యాబ్‌లు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో రాస్తాయి, ఇక్కడ లండన్‌లో లీటరుకు పికోమోల్స్‌లో. 1.2ని 331తో గుణించి చూడు, 397 వస్తుంది. పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. నేనూ వచ్చిన కొత్తల్లో షుగర్ 7 అని చూసి, ఇంకేముంది, పడిపోతానేమోనని గ్లూకోజు డబ్బా పట్టుకు కూర్చున్నాను. మన లెక్కలో అది 126! మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.5 శాతం ఇక్కడ 48గా కనిపిస్తుంది. ఆ లెక్కలు ఫ్రిజ్ మీద అతికించుకో.

ఇన్సులిన్ వేసుకుంటున్నవాడికి నేరుగా ఇన్సులినే కొలవచ్చు కదా అన్నావు. కొలిస్తే సూదిదెంతో, నీ ఒంటిదెంతో తేలదు. క్లోమం ఇన్సులిన్ తయారు చేసినప్పుడల్లా అంతే సీ-పెప్టైడ్ కూడా విడిపోతుంది; సూదిలో అది ఉండదు. పైగా ఇన్సులిన్ కంటే ఎక్కువసేపు రక్తంలో నిలుస్తుంది. అందుకే దాన్ని పట్టుకుంటారు.

సన్నగా ఉన్నావు, ముప్పై రెండేళ్లకే మాత్రలు పనిచేయడం మానేశాయి. టైప్ 2 అన్న పాత ముద్రను మీ డాక్టరు అనుమానించడం సబబే. తిన్నాక తీసిన నమూనాలో 200 లోపుంటే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోయే రకం) వైపు, 600 దాటితే టైప్ 2 వైపు మొగ్గుతారు. నీది మధ్యలో పడింది కాబట్టి దీన్నొక్కదాన్నే చూసి ఏదీ తేల్చలేరు. గ్యాడ్ యాంటీబాడీల రిపోర్టు (ఒళ్లే తన క్లోమం మీద దాడి చేస్తోందేమో చూసే రక్తపరీక్ష) వచ్చిందా? రాకపోతే అడుగు, మొహమాటపడకు.

మళ్లీ తీస్తామంటే, మన అలవాటు కొద్దీ పరగడుపున పరిగెత్తకు. తిన్న ఐదు గంటల్లోపు తీసినా చాలంటారు చాలాచోట్ల. ఎందుకైనా మంచిది, ముందే కనుక్కో. అదే నమూనాలో గ్లూకోజు కూడా చూడమను. అది ఇక్కడి లెక్కలో 4 కంటే తక్కువుంటే క్లోమం ఎలాగూ ఊరుకుంటుంది, సీ-పెప్టైడ్ తగ్గినట్టు కనిపించి మోసం చేస్తుంది. కిడ్నీ జబ్బుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

జుట్టు రాలుతోందని మీ అక్క పంపిన బయోటిన్ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పావా? అవి కొన్ని ల్యాబ్ యంత్రాలను తికమకపెడతాయి, ఈ పరీక్షతో పాటు థైరాయిడ్‌లోనూ. ఎన్ని రోజుల ముందు ఆపాలో ల్యాబ్‌నే అడుగు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకు.

అన్నట్టు, ఇంగ్లాండులో షుగర్ మందులు వాడేవాళ్లకు ప్రిస్క్రిప్షన్లు ఉచితం. మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ కావాలని సర్జరీలో, అంటే మీ డాక్టరు క్లినిక్‌లో, అడుగు. నేను తెలియక రెండేళ్లు డబ్బు కట్టాను.