అబార్షన్‌ని నిషేధించాలా? గైనిక్ వార్డులో పనిచేసినదాన్ని, నా జవాబు ఇదీ

అడిగినాయన ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. కడుపులో బిడ్డని తీయించడం హత్య కాదా అన్నది ఒకటి. అమెరికాలో 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ హక్కు కొట్టేసింది కదా, మన దగ్గరా నిషేధిస్తే తప్పేంటి అన్నది రెండోది. నేను లాయర్నీ కాను, డాక్టర్నీ కాను. గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం లేబర్ రూములో, గైనిక్ వార్డులో గడిచింది. కాన్పులకీ ఎంటీపీలకీ (ఆసుపత్రిలో డాక్టరు చేసే అబార్షన్‌ని మేం అలా అంటాం) ట్రే సర్దింది ఈ చేతులే. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను.

చాలామందికి తెలియనిది ఏంటంటే, మన దేశంలో అబార్షన్ ఇప్పటికీ శిక్షాస్మృతిలో నేరమే. పాత ఐపీసీలో 312వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 88. మూడేళ్ళ దాకా జైలు, కడుపులో కదలిక వచ్చాక అయితే ఏడేళ్ళ దాకా. తన కడుపు తానే పోగొట్టుకున్న ఆడమనిషిని కూడా ఆ సెక్షన్ వదల్లేదు. 1971లో వచ్చిన ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు మాత్రమే. ఫలానా కారణాలుండి, అర్హత ఉన్న డాక్టరు, అనుమతి ఉన్న చోట చేస్తే నేరం కాదు అంటుంది, అంతే.

ఆ మినహాయింపు ఊరికే ఇవ్వలేదు. అబార్షన్ చట్టం సంగతి చూడమని ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా కమిటీని వేస్తే 1966లో రిపోర్టు ఇచ్చింది. అప్పటికి చట్టం గట్టిగానే ఉంది, చావులూ అంతే గట్టిగా ఉన్నాయి. నాకు పని నేర్పిన సీనియర్ సిస్టరు ఆ కాలం మనిషి. ఊళ్ళో మంత్రసానులు జిల్లేడు పుల్లకి మందు రాసి గర్భసంచి ముఖద్వారంలో పెట్టేవారట. కొందరు చిత్రమూలం వేరు వాడేవారట. ధనుర్వాతంతో పళ్ళు గిట్టకరిచిన వాళ్ళని ఎడ్లబండి మీద తెచ్చేవారనీ, ఏం చేసుకొచ్చారో చివరిదాకా ఎవరూ నోరు విప్పేవారు కాదనీ చెప్పేది. చెబితే పోలీసు కేసు. చెప్పకపోతే ఏ మందు పెట్టారో డాక్టరుకి తెలియదు. నిషేధం అన్న మాట వినగానే నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఇప్పుడు జిల్లేడు పుల్ల పోయింది. దాని స్థానంలో మెడికల్ షాపులో కడుపు పోయే బిళ్ళల కిట్ వచ్చింది. డాక్టరు చీటీ మీదే అమ్మాలని రూలు. షాపు కుర్రాడు మాత్రం తలనొప్పి బిళ్ళ ఇచ్చినట్టు కాగితంలో చుట్టి ఇస్తాడు. వేళకి, సరిగ్గా వేసుకుంటే అది మంచి మందే, నేను దాన్ని తిట్టను. మన దగ్గర బిళ్ళలతో చేసే అబార్షన్‌కి అనుమతి తొమ్మిది వారాల లోపే. షాపు కుర్రాడు ఎన్ని వారాలని అడగడు. స్కానింగ్ చేయించావా అనీ అడగడు. గర్భం ట్యూబులో ఉంటే ఆ బిళ్ళలు దాన్ని ఏమీ చేయవు. రక్తం కనిపిస్తుంది కాబట్టి పోయిందనుకుంటుంది మనిషి. ఆ తర్వాత ట్యూబు పగిలి, తెల్లగా పాలిపోయి, బీపీ అందని స్థితిలో వస్తుంది. 2015లో దేశం మొత్తం మీద కోటీ యాభై లక్షలకు పైగా అబార్షన్లు జరిగాయనీ, అందులో నాలుగింట మూడొంతులు ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా ఇలా బిళ్ళలతోనే జరిగాయనీ 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. చట్టం ఉండగానే ఇదీ సంగతి.

చట్టం ఉన్నా ఆసుపత్రికి ఎందుకు రారు? దానికి ఒక ఉదాహరణ చెబుతాను. మొగుడు కువైట్‌లో డ్రైవరు. సెలవుకి వచ్చి వెళ్ళాడు, ఈవిడ నెల తప్పింది. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఇంకా పాలు మాన్పించలేదు. ఏడు వారాల్లోనే, వేళకి, ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. అంత చక్కగా వచ్చిన మనిషిని డ్యూటీలో ఉన్నావిడ "మీ ఆయన సంతకం కావాలమ్మా" అని తిప్పి పంపేసింది. చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషికి ఆమె సంతకం ఒక్కటే చాలు, దాన్నే ఫారం-సి అంటారు. మైనరు అయితే, మానసిక అనారోగ్యం ఉంటే గార్డియన్ సంతకం. అంతకుమించి మొగుడు, అత్త, తండ్రి ఎవరూ ఆ కాగితం మీదకి రారు. ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు స్ట్రెచర్ మీద వచ్చింది, కిట్ వేసుకుని సగం పోయి సగం ఉండిపోయి. కట్టుకున్న చీర, దాని కింద మడిచిన దుప్పటి ముక్క, రెండూ తడిసి కాళ్ళకి అంటుకుపోయాయి. రెండు సీసాల రక్తం ఎక్కించాం. బతికింది. కాస్త తేరుకున్నాక నన్ను అడిగిన మొదటి మాట, "ఇది మా అత్తగారికి తెలుస్తుందా అండీ?"

తెలియకూడదు, నిజానికి. ఎంటీపీ రిజిస్టరు రహస్య పత్రం. మిగతా కాగితాల్లో పేరు రాయకూడదు, వరస నంబరు, పక్కన సంవత్సరం, అంతే. వివరాలు బయటపెట్టిన డాక్టరుకి ఏడాది దాకా జైలు అని 2021 సవరణలో కొత్తగా సెక్షన్ కూడా పెట్టారు. మరి వార్డులో జరిగేదేమిటి? ఆయా వరండాలో నిలబడి "ఎంటీపీ పేషెంటు తాలూకా ఎవరండీ?" అని కేకేస్తుంది.

ఇంకో కేసు దీనికి పూర్తిగా ఎదురు. నిషేధం కావాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు ఇద్దరూ వినాల్సింది ఇదే అని నా అభిప్రాయం. అత్తగారు కోడల్ని తీసుకొచ్చింది. మొదటిది ఆడపిల్ల, ఇప్పుడు నాలుగో నెల. "పిల్ల ఒంట్లో రక్తం లేదు, తీసేయండి" అంది అత్తగారు. కోడలు నేల చూపులు చూస్తోంది. బీపీ చూడాలని పిల్లని లోపలికి పిలిచి, తలుపు వేసి, "నీకేం కావాలమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకు ఉంచుకోవాలని ఉందండి. ఎక్కడో స్కానింగ్‌లో చెప్పించుకున్నారు" అంది. లింగనిర్ధారణ చేయడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ స్కానింగ్ సెంటరు ఎక్కడో ఆ పిల్లకి తెలియదు, కారులో రాత్రిపూట తీసుకెళ్ళారట. మా డాక్టరు మేడమ్ బయటికి వచ్చి అత్తగారితో ఒకటే మాట చెప్పారు: "ఆ అమ్మాయి సంతకం పెట్టనంటోంది. ఆమె ఒప్పుకోకుండా చేస్తే నాకు పదేళ్ళ దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు." నిజమే, ఆ సెక్షన్ ఉంది. ముసలావిడ మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. పిల్ల మాత్రం నెలనెలా చెకప్‌కి మా దగ్గరికే వచ్చింది, కాన్పూ మా దగ్గరే అయింది.

ఆ రోజు ఆ పిల్లని కాపాడిందీ ఫారం-సియే. తీయమన్నా వద్దన్నా నిర్ణయం ఆమెదే అని చట్టం ఒకే కాగితంలో రాసింది. నిషేధం ఉన్న చోట ఈ పని దొంగచాటుగా జరుగుతుంది. ఆర్‌ఎంపీ ఇంటి వెనక గదిలో కోడలిని పక్కకి పిలిచి నీకేం కావాలమ్మా అని అడిగేవాళ్ళు ఉండరు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపేస్తున్నారు కాబట్టి అబార్షనే ఆపేయాలి అనే వాదన చాలాసార్లు విన్నాను. నేనైతే స్కానింగ్ సెంటర్ల మీద పడమంటాను. పిండం ఆడో మగో చెప్పినవాడిని వదిలేసి, వేరే కారణంతో వచ్చిన పదిమందిని గుమ్మంలో ఆపడం ఏం న్యాయం? జరిగేది మాత్రం అదే. పన్నెండు వారాలు దాటిన కేసు అనగానే, లింగ నిర్ధారణ కేసులో ఇరుక్కుంటామేమోనని చాలామంది డాక్టర్లు చేతులు దులుపుకుంటారు.

ఇక హత్యా కాదా అన్న ప్రశ్న. తప్పించుకోను. మా ఇంట్లో శనివారం ఉపవాసాలు, ఏటా తిరుపతి ప్రయాణాలు అన్నీ ఉన్నాయి. భ్రూణహత్య మహాపాపమని మా నాయనమ్మ చెబుతుండగా పెరిగినదాన్ని. ఏడో వారంలో పోయేదీ ఇరవయ్యో వారంలో పోయేదీ ఒకటేనని నా కళ్ళతో చూశాక అనలేను. ఏడో వారంలో కనిపించేది రక్తపు గడ్డలే. ఇరవయ్యో వారంలో వేళ్ళు ఉంటాయి. ఆ కేసుల తర్వాత ఇంటికొచ్చి అన్నం ముట్టని రోజులున్నాయి నాకు. అయినా ఆ వారాల్లో వచ్చేవాళ్ళెవరో చూడండి. టిఫా స్కాన్‌లో, అంటే బిడ్డ అవయవాల లోపాలు చూసే స్కాన్‌లో, పుర్రె ఏర్పడలేదని తెలిసినవాళ్ళు. కడుపొచ్చిందన్న సంగతే తెలియని తొమ్మిదో తరగతి పిల్ల, పక్కన మొహం ఎత్తలేని తల్లి. సరదాకి వచ్చినవాళ్ళు ఎవరూ నాకు తగల్లేదు. నాకు బాధ కలిగింది కాబట్టి ఆమెను జైల్లో పెట్టండి అని నేను అనలేను.

చట్టం మారుతూ వచ్చిన తీరు కూడా చెప్పాలి. 2021 సవరణతో ఇరవై వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, ఈలోపు భర్త పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, ఇలాంటి కొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్లతో ఇరవై నాలుగు వారాల దాకా. పిండంలో తీవ్రమైన లోపం ఉంటే ఆ తర్వాతా మెడికల్ బోర్డు ద్వారా. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్ళికానివాళ్ళకూ ఆ ఇరవై నాలుగు వారాలు వర్తిస్తాయంది. ఈ చట్టం వరకు భర్త బలవంతాన్నీ అత్యాచారం కిందే లెక్కించాలంది. ఇవన్నీ మంచివే. కానీ ఇప్పటికీ "నాకు వద్దు" అన్నది కారణంగా చెల్లదు, డాక్టరు ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. అందుకే ఫారాల్లో ఎక్కడ చూసినా గర్భనిరోధక సాధనం విఫలమైందనే ఉంటుంది. అసలు సాధనం వాడితేగా! ఆంధ్రాలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. బిళ్ళలు, కాపర్-టీ, కండోమ్ అన్నీ కలిపినా ఆ పక్కన ఏ మూలకూ రావు. మన దగ్గర ఎడం పెట్టడమనేది లేదు, ఇద్దరు పుట్టాక కోయించేసుకోవడమే. మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్యలో వచ్చిన కడుపుకి మెడికల్ షాపు కిట్టే దిక్కవుతోంది. మొగవాళ్ళ ఆపరేషన్ సంగతి ఎత్తితే వార్డంతా నవ్వుతుంది, అది వేరే కథ.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసు గుర్తుందా? ఇద్దరు పిల్లల తల్లి, బిడ్డకి పాలిస్తున్నందువల్ల నెలసరి రాక, గర్భం వచ్చిందని ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఇరవై ఆరు వారాలు. కోర్టు ఒప్పుకోలేదు. దాని మీద నేను తీర్పు చెప్పను, ఆ వారాల్లో పుట్టిన బిడ్డల్ని ఇంక్యుబేటర్‌లో బతికించినదాన్ని. పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోయినా కడుపు రావచ్చని ఎవరైనా ఆమెకు ముందే చెప్పారా అన్నది మాత్రం నన్ను తొలిచేసింది.

అమెరికా సంగతి నాకు తెలిసింది కొంచెమే. మా తోటి సిస్టరు కూతురు డాలస్‌లో ఉంటుంది. స్కాన్‌లో బిడ్డ బతకదని తేలింది. టెక్సాస్ చట్టంలో దానికి మినహాయింపు లేదు. మొగుడూ పెళ్ళాం న్యూ మెక్సికో వెళ్ళి చేయించుకొచ్చారు. డబ్బూ కారూ ఉన్నాయి కాబట్టి వెళ్ళగలిగారు. ఐర్లండ్‌లో 2012లో మన కర్ణాటక డెంటిస్టు సవితా హలప్పనవర్‌కి గర్భం నిలవదని తెలిసినా, బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆపి, సెప్సిస్‌తో పోనిచ్చారు. ఆ దేశం 2018లో ఓటు వేసి నిషేధం ఎత్తేసుకుంది.

ఈ జవాబు చదివేవాళ్ళలో అవసరంలో ఉన్నవాళ్ళూ ఉండొచ్చు కాబట్టి రాస్తున్నాను. నెల తప్పిన వారంలోనే పరీక్ష చేసుకోండి. ముందు స్కానింగ్, ఆ తర్వాతే బిళ్ళలు. వయసు తెలిపే కాగితం ఒకటి పట్టుకెళ్ళండి. పెళ్ళయిందా అని అడిగితే చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. మొగుడి సంతకం అడిగితే "ఫారం-సిలో నా సంతకం చాలు కదండీ" అనండి, ఆ ఫారం పేరు చెప్పగానే చాలామంది తగ్గుతారు. అప్పటికీ కాదంటే సూపరింటెండెంట్ గదికి వెళ్ళి, కుదరదన్నది కాగితం మీద రాసివ్వమనండి. గంటకి రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, భుజంలో నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఏ బిళ్ళ వేసుకున్నారో దాచకుండా చెప్పండి.